చేతులు మారిన గిన్నె

మా పాలెంలో చర్చిని గుడి అనే అంటాం. నరసరావుపేట రోడ్డు మీద బస్సు దిగి పత్తిచేల మధ్య పుంతలో నడిస్తే ముందు మా గుడి వస్తుంది, తర్వాత మా ఇళ్లు, తర్వాత మురుగు కాలవ, ఆ కాలవ అవతల ఊరు. గుడిలో బెంచీలు లేవు. చాపల మీద మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. ప్రభువు బల్ల ఇచ్చే రోజున, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే రోజున, మగవాళ్ల వైపు అయ్యగారే గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తారు. అయ్యగారంటే మా పాస్టరుగారు. ఆడవాళ్ల వైపు అలా కాదు. ముందు వరసలో మొదట కూర్చున్నావిడకి గిన్నె ఇచ్చేసి ఆయన పక్కకి జరుగుతారు. ఆవిడ ఒక గుక్క తాగి, గిన్నె అంచు చెంగుతో తుడిచి, పక్కావిడ చేతిలో పెడుతుంది. అలా చేతులు మారుతూ గిన్నె వెనక వరసల్లోకి వస్తుంది. అందరికన్నా చివర కూర్చున్నావిడ మిగిలిందంతా తాగేసి, ఖాళీ గిన్నె తీసుకెళ్లి బల్ల మీద పెడుతుంది. పరిశుద్ధమైనది కాబట్టి మిగల్చకూడదు, పారబోయకూడదు.

ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. పరాయి మగవాడు ఆడవాళ్ల నోటి దగ్గర గిన్నె పెట్టడం బాగుండదని మా ముత్తవ్వల కాలంలో ఎవరో పెద్దావిడ అడ్డం పడిందని మా అమ్మ చెప్పేది. మా అమ్మ చెప్పేవాటిలో సగం ఆవిడ కల్పించినవే కాబట్టి నేను పూచీ పడను.

ఆ ఒక్క గిన్నె మా వాళ్లకి ఎందుకంత గొప్పో తెలియాలంటే టీ కొట్టు సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు ఊళ్లో సెంటర్లో ఉన్న టీ కొట్టులో మా పాలెం వాళ్లకి గ్లాసులు వేరే ఉండేవి. బయట చూరు కింద చెక్క మీద బోర్లించి ఉండేవి. మేమే తీసుకోవాలి, వాడు పైనుంచి పోస్తాడు, తాగాక మేమే కడిగి మళ్లీ అక్కడ బోర్లించాలి. తర్వాత తర్వాత ప్లాస్టిక్ కప్పులు వచ్చి ఆ గ్లాసులు కనపడకుండా పోయాయి. మా నాన్న మాత్రం బతికినన్నాళ్లూ ఆ కొట్టులో టీ తాగలేదు. ఆదివారం గుడిలో గిన్నె తీసుకుని ఇంటికొచ్చి, ఈ రోజు అందరి గ్లాసులో తాగి వచ్చానే అని మా అమ్మతో వేళాకోళం ఆడేవాడు.

మా అన్న లారీ డ్రైవరు. గుంటూరు యార్డులో మిర్చి బస్తాలు ఎక్కించుకుని ఉత్తరాదికి వెళ్లేవాడు. మధ్యలో కొన్నాళ్లు వేటపాలెం నుంచి జీడిపప్పు లోడ్లు తోలాడు. అక్కడే వదిన కనపడింది. ఆమె జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పని చేసేది. ఆ పిక్కల రసం తగిలి వేళ్లు నల్లగా కాలినట్టు ఉండేవి. మా ఇంటికొచ్చాక చాలాకాలానికి గానీ ఆ నలుపు వదల్లేదు. వాళ్లది హిందువుల ఇల్లు, మాకన్నా పైకులం. మా అన్న వెంట వచ్చేసిన రోజునే వాళ్ల గడప ఆమెకి మూసుకుపోయింది. ఇక ఆమెకున్నది మేమే.

నోరు మాత్రం ఊరుకునేది కాదు. మా అమ్మ పొద్దున్నే కీర్తన ఎత్తుకుంటే, దేవుడికేం చెముడు లేదత్తా, కాస్త మెల్లగా పాడు అనేది. మా అమ్మ పైకి కసురుకునేది, లోపల మురిసిపోయేది. అత్తాకోడళ్లు పోట్లాడుకోకపోతే ఇల్లు ఇల్లులా ఉండదని మా నాన్న అనేవాడు.

పంట కాలవలో బాప్తిస్మం తీసుకున్న ఆదివారం వదినకి మొదటిసారి బల్ల ఇచ్చారు. గిన్నె చేతికొచ్చినప్పుడు తాగకుండా అటూ ఇటూ చూసింది. మా అమ్మ మోచేత్తో పొడిస్తే తాగింది. ఇంటికొచ్చాక అడిగింది, ఇంతమంది ఎంగిలీ ఒకే గిన్నెలోనా అని. అసహ్యించుకుంటోందేమోనని మా నాన్నకి ముఖం ఎర్రబడింది. ఆమె అసహ్యించుకోలేదు. తను పుట్టిన ఇంట్లో ఒకరి గ్లాసు ఒకరు ముట్టరనీ, నీళ్లు తాగినా ఎత్తిపోసుకునే తాగుతారనీ చెప్పింది. ముఖం కూడా సరిగ్గా తెలియని ఆడవాళ్లు తాము తాగిన గిన్నె తన చేతిలో పెట్టారని చెబుతూ కళ్లు తుడుచుకుంది. ఇక నేను మీ మనిషినే గదా అని మా నాన్నని అడిగింది. ఆయన బయటికెళ్లి చుట్ట వెలిగించుకున్నాడు. ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. ఆ చివరి రోజుల్లో ఆయనకి అన్నం వదినే తినిపించేది.

కొన్నేళ్లకి మా అన్న చిక్కిపోవడం మొదలుపెట్టాడు. మొదట టీబీ అన్నారు. గుంటూరు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే ఎయిడ్స్ అని తేలింది. అప్పటికి ఆ మాట మాకు గోడల మీద రాతల్లోనూ రేడియోలోనూ మాత్రమే తెలుసు. భయపడమని చెప్పింది చెవికెక్కినంతగా, అది ఎలా రాదో చెప్పింది మా వాళ్ల చెవికెక్కలేదు. అన్నని మట్టిలో పెట్టాక వదినకీ పరీక్ష చేయించాం. ఆమెకీ ఉంది. ఇప్పుడైతే ఆ జబ్బుకి మందులు వేసుకుంటూ కూలికి వెళ్లేవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు చేసేవాళ్లు నాకు తెలుసు. అప్పటికి ఆ మందులు మా దాకా రాలేదు.

సంగతి పాలెంలో ఎలా పాకిందో తెలియదు. పాకడమే కాదు, తలకిందులుగా పాకింది. ఆమే మా అన్నకి అంటించిందన్నారు. ఎక్కడినుంచో వచ్చిన ఆడది, ఎవరితో తిరిగిందో ఎవడు చూడొచ్చాడు అన్నారు. మా అన్న లారీ ఏయే ఊళ్లలో ఆగేదో వాళ్లందరికీ తెలుసు. అతనితో వెళ్లి ఆ ఊళ్లలో ఆగినవాళ్లే ఈ మాట అన్నారు. ఆ నోళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

పత్తి తీతలకి ఆడవాళ్లు ముఠాగా వెళ్తారు. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని ఒకరి క్యారేజీలో కూర ఇంకొకరు లాక్కుని తింటారు. ఆ ఏడు వదినని ముఠాలోకి పిలవలేదు. పొమ్మన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎండకి తట్టుకోలేవమ్మా, ఇంటిపట్టున ఉండి ఒళ్లు చూసుకో అన్నారు. బోరింగు దగ్గరికి వెళ్తే, నువ్వెందుకు మోస్తావు, మీ అత్తని పంపించు అన్నారు. అంతా ఆమె మేలు కోరి చెప్పినట్టే ఉండేది. గట్టిగా తిడితే తిరిగి తిట్టడానికి ఆమెకి నోరుంది. ఈ మంచి మాటలకి ఏం చెప్పాలో తెలియక ఇంట్లో కూర్చుంది.

పక్కింటి కోడలు ఆమెకి జోడు. ఇద్దరూ చేలో పక్కపక్క సాళ్లు పట్టుకుని, మగవాళ్ల మీద జోకులు వేసుకుంటూ తీసేవాళ్లు. ఆ ఏడు ఆ పిల్ల తొలిచూలు మనిషి, నెలలు నిండుతున్నాయి. వాళ్లత్త వద్దని కసిరినా సాయంత్రం పూట రెండిళ్ల మధ్య ఉన్న కంచె దగ్గరికొచ్చి వదినతో కాసేపు మాట్లాడి వెళ్లేది. కంచె దాటి మాత్రం వచ్చేది కాదు. వదిన కూడా రమ్మనేది కాదు.

మా అమ్మ లెక్కలో క్రిస్మస్ అంటే పని. పండగ ముందు గుడి కడగడం మా ఇంటి వంతు, మా నాయనమ్మ నుంచి వచ్చింది. పండగ నాడు పొద్దున లేవలేని మనిషిని ఒకరిని చూసుకునేది. ఏ ముసలమ్మో, ఏ పక్షవాతం వచ్చినావిడో. వాళ్లింటికి వెళ్లి తలంటి పోసి, బట్టలు మార్చి, నాలుగు ముద్దలు తినిపించి వచ్చాకే తను కొత్తచీర కట్టేది. ఎవరి పుట్టినరోజో వాళ్లకి గదా తలంటు పోయాల్సింది, ఆయన మనకి దొరకడు కాబట్టి ఈ ముసలమ్మలకి పోస్తున్నాను అనేది. ఇది కూడా ఆవిడ సొంత కల్పనే. ఏ అయ్యగారూ ఇలా చెప్పగా నేను వినలేదు.

వదిన మంచాన పడ్డప్పటి నుంచి మా అమ్మకి రోజూ అదే పని అయింది. విరేచనాలతో పాడైన బట్టలు పంట కాలవకి తీసుకెళ్తే అక్కడి ఆడవాళ్లు గోల చేశారు. దాంతో నీళ్లు మోసుకొచ్చి దొడ్లోనే ఉడకేసి ఉతికేది. వదిన నోటినిండా పుండ్లు. జావ చల్లార్చి చెంచాతో పోసేది. కాస్త తినగలిగిన రోజున బేసిన్లో పెరుగన్నం కలిపి, వదినకొక ముద్ద, నాకొక ముద్ద, తనకొక ముద్ద పెట్టేది. నేనప్పుడు డిగ్రీ ఆఖరి ఏడాది, రోజూ బస్సులో నరసరావుపేట వెళ్లి వచ్చేదాన్ని. జబ్బు గురించి పుస్తకంలో చదివి, ఇలా తింటే ఏమీ కాదని అమ్మకి చెప్పాను. అవునా అంది. అప్పటికే ఆవిడ ఎన్నో నెలలుగా అలా తింటోంది.

డిసెంబరులో వదిన కాస్త తేరుకుంది. లేచి వాకిలి దాకా వచ్చేది. గుడి కడిగే రోజున నేనూ వస్తానంది. మేము నీళ్లు మోసి చీపుళ్లతో కడుగుతుంటే ఆమె ఒక మూల కూర్చుని తడిగుడ్డతో కిటికీ ఊచలు తుడిచింది. తర్వాత మెల్లగా లేచి, రొట్టె, గిన్నె పెట్టే ఆ బల్లని కాళ్లతో సహా తుడిచింది. అలసిపోయి ఆ బల్లకే తల ఆనించి కొంచెంసేపు కూర్చుంది. ఆ పూట ఆమె ముఖంలో ఉన్న తెరపి నేను చాలాకాలంగా చూడలేదు.

మర్నాడు పొద్దున నేను బస్సుకి పోతుంటే గుడి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. సంఘ పెద్దల ఇళ్ల ఆడవాళ్లు మళ్లీ కడుగుతున్నారు. బల్లని బయటికి తెచ్చి ఎండలో బోర్లించారు. ఫినాయిలు వాసన పుంత చివరిదాకా కొట్టింది. ఏమైందని అడిగితే, పావురాలు పాడు చేశాయమ్మా అన్నారు. మా గుడిలో పావురాలు లేవు. ఇంట్లో చెప్పకూడదనుకున్నాను గానీ, నేను చెప్పేదాకా ఆ వాసన ఆగలేదు. సాయంత్రం వచ్చేసరికి వదిన గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

అదే సాయంత్రం అయ్యగారు వచ్చారు. అప్పటికి కొత్తగా వచ్చిన యువకుడు. మంచివాడే. పెద్దలకి ఎదురు చెప్పగలిగే మనిషి కాదు. మా అమ్మ కుర్చీ వేసి టీ ఇచ్చింది. ఆయన గ్లాసు చేత్తో పట్టుకునే చాలాసేపు వాతావరణం గురించీ, పత్తి కాయలో పడ్డ పురుగు గురించీ మాట్లాడారు. తర్వాత అసలు మాటకొచ్చారు. జబ్బుగా ఉన్నవాళ్లకి బల్ల ఇంటికే తెచ్చి ఇవ్వడం మనకున్న పద్ధతే గదమ్మా, క్రిస్మస్ ఆరాధన అయ్యాక నేనే తెస్తాను, అమ్మాయికి అంత దూరం నడక ఎందుకు అన్నారు.

వదిన మంచం మీద లేచి కూర్చుంది.

"గుడి ఎంత దూరమయ్యగారూ? నిన్ననే వచ్చి తుడిచి వెళ్లానుగా. నేను రాలేనని తెస్తానంటున్నారా, రాకూడదని తెస్తానంటున్నారా?"

అందరూ భయపడుతున్నారమ్మా అన్నారు ఆయన. ఆమె వస్తే ఆ రోజు మేం బల్ల తీసుకోం అని కొంతమంది చెప్పేశారట. ఒక్కరి కోసం అంతమంది బల్లకి దూరం కావడం ఆయనకి బాధగా ఉందట. ఆ బాధ నిజమే, ముఖంలో కనపడింది. దానివల్ల మాకు ఒరిగిందేమీ లేదు.

మా అమ్మ ఆయన చేతిలో గ్లాసు వైపు చూసి నెమ్మదిగా అంది. "టీ కొట్టువాడు కూడా మమ్మల్ని ఏనాడూ రావద్దనలేదయ్యా. గ్లాసు వేరే పెట్టాడు, అంతే."

అయ్యగారు లేచి, ప్రార్థన చేసి వెళ్లిపోయారు. టీ అలాగే ఉండిపోయింది.

ఆయన వెళ్లాక వదిన మాతో ఒక మాట చెప్పింది. వచ్చే క్రిస్మస్ దాకా తను ఉండనని ఆమెకి తెలుసు. ఒక్కసారి అందరి మధ్యా కూర్చుని, అందరూ తాగిన గిన్నె తన చేతుల్లోకి తీసుకోవాలి. ఆ తర్వాత ఏ మూల పడేసినా సరేనంది. పుట్టింటివాళ్లు వదిలేశారని నేను ఏడవలేదు, మీవాళ్లు నన్ను తీసుకున్నారు కాబట్టి ఏడవలేదు, ఇప్పుడు వీళ్లూ వదిలేస్తే నేను ఎవరి మనిషినై చావాలి అంది. మా అమ్మ పెట్టెలోంచి పండక్కి కొన్న చీర తీసి ఆమె పక్కన పెట్టింది.

క్రిస్మస్ నాడు పొద్దున మా అమ్మ వేరే ముసలమ్మని వెతుక్కోలేదు. దొడ్లో నీళ్లు కాచి, పీట మీద వదినని కూర్చోపెట్టి, రాలిపోగా మిగిలిన జుట్టుకి కుంకుడుకాయ రసం పెట్టి తలంటి పోసింది. ఎముకల మీద నీళ్లు పడుతుంటే వదిన వణికింది. అయినా, అత్తా, నన్ను ఆ ముసలమ్మల్లో కలిపేశావా అని నవ్వించింది. చీర కట్టి కుచ్చిళ్లు సర్దుతుంటే నడుము దగ్గర గుడ్డ నిలవడం లేదు. పిన్నీసులు పెట్టాం. చెరోవైపు పట్టుకుని నడిపించాం. గుడి మీద నక్షత్రం కట్టారు, మైకులో పాటలు వస్తున్నాయి, పిల్లలు కొత్తబట్టల్లో తిరుగుతున్నారు. మేము వెళ్తుంటే పుంతలో దారి ఇచ్చారు. అంత దారి మాకు ఎప్పుడూ ఇవ్వలేదు.

ఎప్పుడూ కూర్చునే చోటే, మధ్య వరసలో కూర్చున్నాం. గిన్నె ముందు వరస నుంచి వెనక్కి వస్తుందని చెప్పాను గదా. ఆ రోజు ఆడవాళ్లందరికీ ముందు కూర్చోవాలనిపించింది. ఒకావిడకి వెనక గాలి తగల్లేదు. ఒకావిడకి వాక్యం వినపడలేదు. ఒక్కొక్కరే లేచి మా ముందుకి జరిగారు. ఎప్పుడూ గుమ్మానికి ఆనుకుని కునికిపాట్లు పడేవాళ్లు కూడా బల్ల దగ్గరికి చేరిపోయారు. ముందంతా మోకాలికి మోకాలు తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. మేము కదలకుండానే చివరి వరసలో మిగిలిపోయాం. వదిన చాప అంచు పీచు లాగుతూ కూర్చుంది.

అప్పుడొచ్చింది పక్కింటి పిల్ల. నిండు కడుపుతో, చేత్తో గోడ పట్టుకుంటూ వచ్చి, జరుగత్తా అని మా అమ్మని జరిపి, వదినకీ మా అమ్మకీ మధ్య కూలబడింది. ముందు నుంచి వాళ్లత్త వెనక్కి తిరిగి సైగ చేసింది. తర్వాత పిలిచింది. ఒకసారి కూర్చున్నాక లేవడం నా వల్ల కాదని ఈ పిల్ల గట్టిగానే చెప్పింది. వదిన ఆమె వైపు చూడలేదు. చాప పీచు లాగడం మాత్రం మానేసింది.

ప్రసంగం ప్రభువుని కనబోతూ సత్రంలో చోటు దొరకని ఆ తల్లి గురించే. ఇంకేముంటుంది. ఆనాటి ఊరివాళ్ల గుండెలు ఎంత రాయో చెబుతూ అయ్యగారు మధ్యలో ఒకసారి తడబడి, నీళ్లు తాగి, తొందరగా ముగించారు. నేను లేచి ఏదో అనేద్దామనుకున్నాను. మా అమ్మ కొంగు పట్టుకుని కూర్చోపెట్టినట్టుగా నా వైపు చూసింది.

రొట్టె అందరికీ ఇచ్చారు. తర్వాత గిన్నె బయల్దేరింది. ముందు వరసల్లో చేతులు మారుతూ, తుడుచుకుంటూ మెల్లగా వెనక్కి వచ్చింది. మా ముందు వరస చివరావిడ నాకు అందించింది. నేను తాగి, అంచు తుడిచి, వదిన చేతిలో పెట్టాను.

ఆమె రెండు చేతులతో పట్టుకుంది. గిన్నెలోకి చూస్తూ ఉంది. తర్వాత పక్కకి చూసింది. పక్కింటి పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని ఉంది, పెదాలు ప్రార్థనలో కదులుతున్నాయి. ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. ఆ చెయ్యి వణుకుతోంది. లేచి పోవడానికి ఆమెకి ఎంతో సమయం ఉంది, పోలేదు. భయమూ పోలేదు. స్నేహం కోసం కూర్చుంది, బిడ్డ కోసం వణుకుతోంది. అది వదినకి నాకన్నా ముందే అర్థమైంది.

వదిన గిన్నెని నుదుటికి ఆనించుకుంది. నోటి దగ్గరికి తీసుకెళ్లలేదు. చెంగు చేతికి చుట్టుకుని, ఆ చెంగుతోనే గిన్నె అంచు తుడిచి, ఆ పిల్ల మోచేతిని తట్టింది.

"కళ్లు తెరువు. నేను నోరు పెట్టలేదు, చూడు. నువ్వు తాగు."

ఆ పిల్ల కళ్లు తెరిచి గిన్నె వైపు, వదిన వైపు చూసింది. ఏడుస్తూనే తాగింది. గిన్నె మా అమ్మకి ఇచ్చింది. మా అమ్మే చివరి మనిషి. మిగిలిందంతా ఆవిడ తాగేయాలి. ఆవిడ తాగలేదు. లేచి, ఆ ఇరుకులో అందర్నీ తప్పుకోమంటూ ముందుకి నడిచి, రసం ఉన్న గిన్నె అలాగే తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది.

అయ్యగారు గిన్నెలోకి చూశారు. ఎప్పుడైనా ఆడవాళ్లు మిగిలిస్తే అది ఆయన తాగాలి, అదీ పద్ధతే. మా చివరి వరసలో ఏం జరిగిందో ఆయనకి తెలియదు. వదిన అందులో నోరు పెట్టిందనే అనుకున్నారు. గుడి మొత్తం అలాగే అనుకుంది. ఒక్క మాట చెబితే సరిపోయేది, మా అమ్మ చెప్పలేదు. ఆయన ముఖం చూస్తూ అక్కడే నిలబడింది. ఆయన చేతులు బల్ల అంచు మీద ఉన్నాయి. కొంతసేపటికి ఆయన తెల్లగుడ్డ తీసి గిన్నె మీద కప్పేశారు. మగవాళ్ల వైపు నుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆ తర్వాత ఆ రసాన్ని సంఘ పెద్ద ఒకాయన గుడి వెనక్కి తీసుకెళ్లి తుమ్మచెట్టు మొదట్లో పారబోశాడు. నేను చూశాను.

ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందుకి మేము ఆగలేదు. మధ్యాహ్నం మా ఇంటికి క్యారేజీ పంపించారు, అన్నం, మాంసం కూర, వంకాయ. తెచ్చినవాళ్లు అరుగు మీద పెట్టి, క్యారేజీ తిరిగి ఇవ్వక్కర్లేదమ్మా అని చెప్పి వెళ్లారు. ఈ పండక్కి క్యారేజీ లాభమత్తా అంది వదిన. ఆ తర్వాత నవ్వలేదు. మా అమ్మ మీద కోపంగా ఉంది. పారబోసిన సంగతి నేనే చెప్పాను.

"నేను మానుకుంది ఆ పిల్ల కడుపు చూసి. నువ్వెవర్ని చూసి మానుకున్నావు?" అని అడిగింది.

"నిన్ను చూసి" అంది మా అమ్మ.

ఆవిడ అన్నం కలిపి ముద్ద పెడితే వదిన తింది.

ఆ జబ్బు గిన్నెతో రాదు, ఎంగిలితో రాదు. ఇప్పుడు మా పాలెంలో బళ్లో పిల్లలు కూడా ఈ మాట చెబుతారు. ఆ రోజు మా వదిన ఒక గుక్క తాగి ఉంటే ఆ పిల్లకీ, కడుపులో బిడ్డకీ, ఆ గుడిలో ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. తను ఎంతగానో కోరుకున్నది తన చేతుల్లో ఉండగా, అక్కర్లేని భయం తీర్చడానికి దాన్ని వదులుకుంది. ఈ సంగతి తలుచుకుంటే నాకు గొప్పగా అనిపించదు. గోడకేసి తల బాదుకోవాలనిపిస్తుంది.

సంక్రాంతి వెళ్లాక పక్కింట్లో బిడ్డ పుట్టింది. ఏడుపు మా ఇంట్లోకి వినపడేది. వదిన చెవులు అటే పెట్టి పడుకునేది. బిడ్డని చూపించడానికి ఆ పిల్ల కంచె దగ్గరికి తెస్తే, వద్దు, మీ అత్త తిడుతుంది, లోపలికి వెళ్లు అని మంచం మీంచే కేకేసింది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో వదిన పోయింది. ఆ ఘాటు గాలిలో దగ్గలేక దగ్గలేక పోయింది. ఆ రోజు పక్కింటి పిల్ల బిడ్డనెత్తుకుని కంచె దాటి వచ్చి, శవం పక్కన కూర్చుంది. మిగతా పాలెమంతా కూడా వచ్చింది. పెట్టె మోశారు, గొయ్యి తవ్వారు, బాగా పాడారు. మా వాళ్లు చచ్చినవాళ్లకి ఏ లోటూ చేయరు.

మా అమ్మ గుడి మానలేదు. మానేయమని నేను పోట్లాడాను. నేనెందుకు మానాలి, గుడి వాళ్లది మాత్రమేనా అంది. ప్రతి పండక్కీ ముందు గుడి కడిగేది, పండగ నాడు ఎవరో ఒక లేవలేని మనిషికి తలంటి పోసేది, తర్వాత కొత్తచీర కట్టుకుని వెళ్లి అదే చోట కూర్చునేది. రొట్టె తీసుకునేది. గిన్నె చేతికొస్తే నుదుటికి ఆనించుకుని పక్కావిడకి ఇచ్చేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఆ అయ్యగారు బదిలీ అయ్యారు, ఇంకొకరు వచ్చి వెళ్లారు. ఆ తర్వాత వచ్చినాయన వయసులో పెద్దవాడు, దర్శి వైపు మనిషి, అందర్నీ పేరుపేరునా పలకరించేవాడు. మొదటి క్రిస్మస్ ఆరాధన అయిపోయి ఆడవాళ్లు చాపలు చుడుతుంటే ఆయన మా అమ్మ దగ్గరికి వచ్చారు. పండక్కి వచ్చి నేనూ పక్కనే ఉన్నాను. రొట్టె తీసుకుని గిన్నె తీసుకోలేదేంటమ్మా, ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

"నా ముందు నా కోడలు తాగాలయ్యా" అంది మా అమ్మ. "అది తాగాక తాగుతాను."

ఆయనకి ఈ మాట ముచ్చటగా అనిపించినట్టుంది. నవ్వుతూ, కోడలంటే ఎంత ప్రేమమ్మా మీకు, అలాగైతే వచ్చే పండక్కి ఆ అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని రండి అన్నారు. మా అమ్మ సరేనంది. చుట్టూ చాపలు చుడుతున్న ఆడవాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు.